కుప్పం ఆమెను పడుకోబెట్టిన పిట్ట

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అప్పజెప్పిన పని మనుషుల్ని కదలకుండా పడుకోబెట్టడం. ఇప్పుడు నర్సు పనిలో చేరే అమ్మాయిలకు ఈ మాట చెబితే నవ్వుతారు. వాళ్ల చేతిలో సూది ఉంది, మాత్రలు ఉన్నాయి. క్షయ జబ్బుకు మా చేతిలో ఉండింది మంచం, గాలి, పాలు, కోడిగుడ్డు. అంతకు మించి ఏమీ లేదు. మందులు తర్వాత వచ్చాయి. నేను చెబుతున్నది అవి రాకముందు, యుద్ధం జరుగుతున్న రోజుల సంగతి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్లం.

మాది పుంగనూరు. నాన్న మిషను బడిలో పంతులు. నేను మదనపల్లెలో పని నేర్చుకుని, పుంగనూరు దారిలో ఒక బోడిగుట్ట కింద ఉండిన చిన్న ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి అంటే పెద్దది అనుకోవద్దు. ఆడవాళ్లకు ఒక వరండా, మగవాళ్లకు ఒక వరండా, మధ్యలో డాక్టరుగారి గది, వెనక వంటిల్లు. ఇప్పుడు అది లేదు. ఆ జాగాలో టమాటా తోటలు వేశారు. ఎవరి పేర్లూ రాయను. ఆ జబ్బు పక్కన ఒక మనిషి పేరు తెలిస్తే వాళ్లింట్లో ఆడపిల్లకు సంబంధం వచ్చేది కాదు. అందుకని మేమే అప్పట్లో పేర్లు మానేసి ఊళ్లతో పిలిచేవాళ్లం. సోమల అవ్వ, వి.కోట ఆమె, కుప్పం ఆమె. అలవాటు అట్లాగే ఉండిపోయింది.

ఆడవాళ్ల వరండా తూర్పు ముఖంగా ఉండేది. ముందు గోడ లేదు, నడుము ఎత్తు పిట్టగోడ మాత్రమే. దాని ముందర నాలుగైదు జామచెట్లు, వాటి వెనక పులికంప కంచె, కంచె దాటితే తంగేడు పొదలు, గుండ్లు, గుట్ట. చలికాలం పొద్దున మంచు గుట్ట మీద నుంచి జారుకుంటూ వచ్చి మంచాల కాళ్ల దాకా నిలబడేది. ఆ మంచులో ఏమీ కనిపించేది కాదు గానీ కంచె అంతా చిన్న చిన్న గొంతులు మేలుకునేవి. కంచెలో పురుగులు ఏరుకుని బతికే పిట్టలన్నీ ఉండేవి. తోక విసనకర్రలా విప్పి కొమ్మ మీద గంతులు వేసేది ఒకటి, నల్లంచి ఒకటి, కళ్ల చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి వలయం ఉండేది ఒకటి. బొటనవేలంత ఉంటాయి. వాటి కూత మాత్రం గుట్టకు తగిలి తిరిగి వచ్చేది.

కొత్తగా చేరినప్పుడు నేను అవన్నీ వినలేదు. పడుకున్నవాళ్లు వింటారు. నడిచేవాళ్లకు తమ అడుగుల చప్పుడే వినిపిస్తుంది.

మా పెద్ద సిస్టరమ్మది నెల్లూరు వైపు. పెళ్లి చేసుకోలేదు. ఆమెకు చప్పుడంటే గిట్టదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వార్డంతా నోరు మూసుకుని పడుకోవాలి, దాన్ని మేం మౌనం గంట అనేవాళ్లం. ఆ గంటలో పళ్లెం చప్పుడు అయినా ఆమె వచ్చి గుమ్మంలో నిలబడేది. తిట్టేది కాదు. ఊరికే నిలబడేది. తిడితే బాగుండునని మాకు అనిపించేది.

కుప్పం ఆమె వచ్చింది ఎండాకాలం మొదట్లో. కుప్పం దగ్గర పల్లెలో సేద్యగాళ్ల ఇంటి కోడలు. పాతికేళ్లు ఉంటాయేమో. నెత్తురు కక్కిన మనిషి, బస్సు దిగి తన మూట తనే చంకలో పెట్టుకుని మట్టిబాటన నడిచి వచ్చింది. వెనక ఆమె మొగుడు ఉత్త చేతులతో వస్తున్నాడు. ఏమప్పా, ఆమె చేత మోయిస్తావా అని నేను అడిగితే, "ఇయ్యదమ్మా. దోవంతా అడుగుతానే ఉండాను" అన్నాడు తలొంచుకుని.

ఆమెకు కొసమంచం ఇచ్చాం, జామచెట్టు పక్కన. డాక్టరుగారు పరీక్ష చేసి ఒక్కటే చెప్పారు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. "చెయ్యి విరిగితే కట్టు కడతాం, అది కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. ఊపిరితిత్తికి కట్టు కట్టలేం కదమ్మా. నువ్వే కదలకుండా ఉండాలి. లేవకూడదు, చేతులు ఎత్తకూడదు, పెద్దగా మాట్లాడకూడదు. ఏదైనా కావాలంటే ఈ గంట కొట్టు."

మంచం పక్కన ప్రతివాళ్లకూ చిన్న ఇత్తడి గంట ఉండేది. ఆమె అన్నిటికీ తలూపింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి వరండా ఊడుస్తోంది.

అప్పటినుంచి ఆమెను మంచం మీద ఉంచడమే నా ఉద్యోగం అయింది. ఇటు తిరిగితే అటు లేచేది. దుప్పటి మడత పెట్టేది, సోమల అవ్వకు కాళ్లు పట్టేది, ఒకరోజు పిట్టగోడ దాటి జామచెట్ల పాదుల్లో గడ్డి పీకుతూ కనిపించింది. బతిమాలాను. కోప్పడ్డాను. ఎందుకు లేస్తావమ్మా, నీ ప్రాణం మీద నీకు ఆశ లేదా అని అడిగాను.

"పగలు పండుకునేది పీనుగులేనమ్మా" అంది. "మాయింట్లో పొద్దు పుట్టినాక నడుము వాల్సిన ఆడది లేదు. నాకు సేతకాదు. సేతులు పీకతాండాయి."

ఒక సాయంత్రం అట్లాగే లేచి, దగ్గుతూ పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయింది. తువ్వాలంతా ఎర్రగా అయింది. ఆమె ముఖం కడిగి పడుకోబెట్టాను. పెద్ద సిస్టరమ్మ చూసి, "దుప్పటితో మంచానికి కట్టేద్దామా?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. డాక్టరుగారు వద్దన్నారు. కట్టేస్తే ఒళ్లు పడుకుంటుంది గానీ మనిషి పడుకోదు అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక పొద్దున నేను జ్వరం చూసే గాజుపుల్ల పట్టుకుని వెళ్లాను. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ఎంత కదలకుండా ఉందంటే, ఊపిరి ఆడుతోందా అని దుప్పటి వైపు చూశాను. దగ్గరికి వెళ్లేసరికి ఆమె కళ్లు మాత్రం తిప్పి నన్ను చూసింది. మళ్లీ జామచెట్టు వైపు చూసింది. నేనూ చూశాను.

చూరు కిందికి వంగిన కొమ్మ మీద ఒక పిట్ట. వీపు లేతాకుపచ్చ, నెత్తిన ఇటుకరంగు టోపీ, తోక నిక్కబొడుచుకుని ఉంది. రెండు జామాకుల అంచులు దగ్గరికి లాగి, ముక్కుతో పొడిచి, ఆ చిల్లులోంచి తెల్లటి పోగు ఒకటి ఇవతలికి లాగింది. పుస్తకాల్లో దాన్ని దర్జీపిట్ట అంటారు. నేను బొమ్మలో చూశాను గానీ కుట్టడం ఎన్నడూ చూడలేదు. పోగు ఎక్కడిదా అని చూస్తే, కుప్పం ఆమె దిండు మూల చినిగి ఉంది. దూది అక్కడిది.

నేను ముందుకు ఒక అడుగు వేశాను. పిట్ట తుర్రుమంది.

"కదిల్తివి గదమ్మా" అంది ఆమె గొంతు పెగల్చకుండా. "నువ్వు మెల్లిగ రావల్ల. నేను పొద్దున్నించీ ఊపిరి బిగబట్టుకోని ఉండాను."

ఆరోజు ఆమె లేవలేదు. మర్నాడూ లేవలేదు. లేస్తే పిట్ట రాదు, అంతే సంగతి. ఆ పిట్ట ఆమె దిండు అంచున వాలి దూది లాక్కుని పోయేది. ముఖానికి జానెడు దూరంలో. అప్పుడు ఆమె కళ్లు మూసుకునేది. కళ్లు తెరిస్తే బెదురుతుందనట. మూసుకున్న కళ్లతోటే అట్లా నిద్రపోయేది. వరండాలో గాలి, ఆకుల నీడలు ఆమె దుప్పటి మీద ఈదుతుండేవి, టువ్వి టువ్వి టువ్వి అని ఆ పిట్ట ఆగకుండా అరుస్తూ పని చేసుకునేది. నాకు ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే నీళ్ల అడుగునుంచి చూసినట్టు కనిపిస్తాయి. ఎవరి అడుగులకూ చప్పుడు లేదు. నేనూ చెప్పులు విప్పి నడవడం మొదలుపెట్టాను.

సాయంత్రం జ్వరం తగ్గుతూ వచ్చింది. డాక్టరుగారు గమనించారు.

పెద్ద సిస్టరమ్మకు మాత్రం ఆ కొమ్మ నచ్చలేదు. చూరుకు తగులుతోంది, చీమలు వస్తాయి, పాము కూడా రావచ్చు, పైగా రోగి దిండులోని దూది పిట్ట ఎత్తుకుపోవడం ఏమిటి, ఇది ఆసుపత్రా, తోటా అని అడిగింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కొమ్మ నరకడానికి మనిషిని కూడా పిలిపించింది. నేను పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. ఆయన వచ్చి ఆ కొమ్మను, కొసమంచాన్ని, మంచం మీది మనిషిని కాసేపు చూశారు.

"ఆమె పడుకుంది కదా సిస్టర్" అన్నారు.

"పడుకుంది."

"మన చేత కానిది అయింది. కొమ్మ ఉండనివ్వండి. దిండు మాత్రం కొత్తది ఇచ్చి, కాస్త శుభ్రమైన దూది ఆ పిట్టగోడ మీద పెట్టించండి."

దూది పిట్టగోడ మీద పెట్టే పని పెద్ద సిస్టరమ్మే చేసింది. ముఖం గంటు పెట్టుకుని, కత్తిరించి, కొలిచి పెట్టింది.

గూడు పూర్తయింది. రెండాకులు కలిపి కుట్టిన దొన్నె అది. బయటినుంచి చూస్తే ఆకు ముడుచుకున్నట్టే ఉంటుంది. గుడ్లు పెట్టిందని మాకు తెలిసింది కుప్పం ఆమె వల్లనే. తల్లిపిట్ట లోపల కూర్చుంటే తోక ఒక్కటే పైకి నిలబడి కనిపించేది. ఈ వార్త మంచం నుంచి మంచానికి పోయింది. పక్కమంచంలో సోమల అవ్వ, "ఏమి సేస్తాండాదే పాపా?" అని మెల్లిగా అడిగేది. కుప్పం ఆమె చెప్పేది. అవ్వ పక్కకు తిరిగి వి.కోట ఆమెకు చెప్పేది. వరండా అటు చివరికి చేరేసరికి వార్త కొంచెం పెరిగి ఉండేది. గుడ్లు మూడు అయితే అటువైపు అయిదు అయ్యేవి. మౌనం గంటలో ఈ గుసగుసలు నడుస్తుంటే పెద్ద సిస్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేది. అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. ఒకరోజు ఆమె నన్ను బయటికి పిలిచి, "దగ్గులు తగ్గాయి, గుసగుసలు ఎక్కువయ్యాయి" అని, జామకొమ్మ వైపు చూసి, "పిల్లలు అయ్యాయా?" అని అడిగింది.

అయ్యాయి. తల్లీ తండ్రీ కంచెలోకి పోయి, పచ్చటి పురుగులు, సాలీళ్లు, దోమలు ముక్కున కరుచుకుని వచ్చేవి. ఇంత కంచెలో ఇన్ని పురుగులున్నాయా అనిపించేది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని.

మా వంటాయన చాలా మెత్తటి మనిషి. లావుగా ఉండేవాడు, రోగులు అన్నం వదిలేస్తే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఆ తల్లిపిట్ట తిరుగుడు చూసి ఆయన తట్టుకోలేకపోయాడు. "బాలింత గదమ్మా, అట్ల తిప్పలు పడతాంటే సూస్తా ఉండేదెట్ల?" అని చెట్టు కింద గుప్పెడు అన్నం చల్లాడు. అది అన్నం తినే పిట్ట కాదయ్యా, పురుగులే తింటుంది అని డాక్టరుగారు చెప్పారు. "ఆకలైతే ఏదైనా తింటాదిలే సామీ" అని ఆయన మనసులో అనుకున్నట్టున్నాడు. ఎవరూ చూడకుండా రోజూ చల్లేవాడు. దర్జీపిట్ట దాన్ని ముట్టలేదు. పిచ్చుకలు వచ్చాయి. వాటి వెనక కాకులు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం మౌనం గంటలో నేను వరండా అటు చివర ఉన్నాను. ఎండ తెల్లగా ఉంది. అందరూ నిద్రలో ఉన్నారు, నాకూ నిలబడే కళ్లు మూతలు పడుతున్నాయి. ఉన్నట్టుండి గంట మోగింది. గంట ఊరికే మోగలేదు, ఆపకుండా మోగింది. కొసమంచం గంట అది.

నేను పరుగెత్తేలోపల పెద్ద సిస్టరమ్మ నన్ను దాటి పరుగెత్తింది. ఆమె పరుగెత్తగా నేను చూడలేదు అంతకు ముందు. రెండు కాకులు జామకొమ్మ మీద ఉన్నాయి. ఒకటి గూటి ఆకును పట్టుకుని గుంజుతోంది. తల్లిపిట్ట దాని తల మీద మళ్లీ మళ్లీ పడుతూ అరుస్తోంది. పెద్ద సిస్టరమ్మ చేతులు చరుస్తూ, గొంతెత్తి అదిలిస్తూ, పిట్టగోడ మీదికి ఎగబడింది. టోపీ జారి కింద పడింది. వార్డంతా లేచి కూర్చుంది. కాకులు లేచిపోయాయి. వాటితో పాటు పిల్లలూ పోయాయి. గూడు సగం తెగి, ఒక పోగున వేలాడుతోంది.

నేను కుప్పం ఆమె వైపు తిరిగాను. ఆమె పడుకునే ఉంది. గంట పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. కళ్లనుంచి నీళ్లు రెండు పక్కలా చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. నేనే తుడిచాను.

"కాలు కింద పెట్టబోతినమ్మా" అంది కాసేపటికి. "లేస్తే నెత్తురొస్తాదని మతికొచ్చె. గంట కొడితిని. నాకింగేం తోచలేదు."

పెద్ద సిస్టరమ్మ టోపీ తీసుకుని దులుపుకుంది. అంతమంది లేచి కూర్చున్నా, ఆమె ఎవరినీ పడుకోమనలేదు. వంటాయన చెట్టు కింద కూర్చుని అన్నం మెతుకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఆయనకు కష్టమైంది.

తర్వాతి పొద్దున ఆమె మొగుడు వచ్చాడు.

అసలు నేను భయపడింది దానికే. ఆమెను పట్టి ఉంచింది ఆ గూడు ఒక్కటే అనుకున్నాను. అది పోయింది. ఇప్పుడు మొగుడు వచ్చి పోదాం పద అంటే, మూట తీసుకుని లేచిపోతుంది. వెళతానన్న రోగిని ఆపడానికి మాకు హక్కు లేదు. ఆ రోజుల్లో చాలామంది అట్లాగే లేచిపోయారు. వాళ్ల సంగతి మాకు మళ్లీ తెలిసేది కాదు, లేదా పోయారని తెలిసేది.

అతను స్టూలు మీద కూర్చుని కాళ్లకేసి చూసుకున్నాడు. నేను పాలగ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. అతను నన్ను చూసి, ఉండమన్నాడో పొమ్మన్నాడో తెలియకుండా తలూపాడు.

"వాన పడిండాది" అన్నాడు. "సెనిక్కాయ విత్తేదానికి అంతా సిద్ధం జేసినారు. మాయమ్మ నిన్ను పిల్చుకోని రమ్మనింది."

"నేను విత్తేదానికా?"

"అది గాదు. ఇంట్లో ఉంటావని. ఈడ ఇట్ల పండబెట్టి ఏం జేస్తాండారని అందురూ అడగతాండారు." తువ్వాల ముడి సర్దుకున్నాడు. "రాకుంటే ఇంకొకరిని సూస్తామంటాండారు."

పాలగ్లాసు నా చేతిలో కాలుతోంది. కింద పెట్టడానికి చోటు ఉంది గానీ పెట్టలేదు.

"నువ్వేమంటివి?" అంది ఆమె.

"నేనేమీ అన్లేదు."

 కంచె మీద ఎండ పడుతోంది. వాన పడిన మర్నాటి వాసన, తంగేడు వాసన కలిసి వరండాలోకి వస్తున్నాయి. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె మొగుణ్ణి చూడటం లేదు, తెగిన గూటినీ చూడటం లేదు. చెవి ఎటో పెట్టి ఉంది.

"ఇనపడతాండాదా?" అంది.

"ఏమి?"

"పిట్ట. టువ్వి టువ్వి అంటాండాది సూడు. నిన్న దాని పిల్లోల్లని కాకులు ఎత్తకపోయె. నా కండ్ల ముందరే. పొద్దున్నించీ ఆ కంచెలో యాడనో మళ్లా కుట్టబట్టింది. నాకు ఆ కూత తెలుస్తాది. పని జేసేటప్పుడు ఒగ తీరుగా అరుస్తాది, ఊరికే ఉంటే ఒగ తీరుగా అరుస్తాది."

అతను తల పక్కకు వంచి విన్నాడు. నేనూ విన్నాను. కంచెలో ఎన్నో గొంతులు ఉన్నాయి. ఏది ఏదో నాకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు.

"నేనిప్పుడు లేసేదానికి లేదు" అంది ఆమె. గొంతు పెంచలేదు, అట్లాగే వెల్లకిలా పడుకుని పైకప్పుకు చెప్పినట్టు చెప్పింది. "ఇట్ల పండుకునేది గూడా పనేనంట. డాక్టరయ్య సెప్పినాడు. నాకు మొదట అర్థం గాలేదు. సగం దున్ని ఇడిసిపెట్టిన సేను ఏమైతాది? సేద్యగాడివి, నీకు నేను సెప్పల్నా? మీయమ్మతో నువ్వే ఏదో ఒగటి అను. నన్ను అనమనొద్దు."

 అతను లేచి డాక్టరుగారి గదిలోకి వెళ్లాడు. ఇంకా ఎంతకాలం పడుతుందని అడిగాడట. చెప్పలేను, రెండు పంటలు పోవచ్చు, మూడూ పోవచ్చు అన్నారట ఆయన. బయటికి వచ్చి తువ్వాలలో కట్టుకొచ్చిన బెల్లం నా చేతికి ఇచ్చాడు. "ఆమెకు రోంత రోంత ఇయ్యండమ్మా" అని, గుట్ట పక్క దారిన బస్సు కోసం వెళ్లిపోయాడు. వెళ్తూ ఆమెతో ఏమన్నాడో నేను అడగలేదు. ఏమీ అనలేదేమోనని నా అనుమానం.

ఆ రెండో గూడు మేము ఎవరమూ చూడలేదు. కంచెలో ఎక్కడో ఉండేది. నేను వెతుకుదామని బయలుదేరితే కుప్పం ఆమె వద్దంది. మనిషి పోతే కాకి వస్తాదమ్మా, ఇడిసిపెట్టు అంది. కాబట్టి వినడమే. చూడటానికి ఏమీ లేకుండా ఆమె అట్లాగే పడుకుంది, రోజుకు రోజు. ఊరినుంచి కబురు లేదు. విత్తనాలు అయ్యాయి, కలుపులు అయ్యాయి. అతను ఇంకొకరిని చేసుకున్నాడో లేదో తెలియదు. బస్సు హారను వినిపించినప్పుడల్లా నేను వాకిలి వైపు చూసేదాన్ని. ఆమె చూసేది కాదు, లేదా నాకు కనబడేట్టు చూసేది కాదు.

ఒక పొద్దున, వాన వెలిసి ఆకులనుంచి చినుకులు రాలుతుండగా, కంచెలోంచి సన్నటి గొంతులు వినిపించాయి. కొత్తవి. ఇంకా కూత సరిగ్గా రాని గొంతులు. ఒకటి అటు, ఒకటి ఇటు, పొద నుంచి పొదకు ఎగురుతున్నట్టు జరుగుతున్నాయి. కుప్పం ఆమె గంట తీసి ఒక్కసారి మెల్లిగా కొట్టింది. నేను వెళ్లాను. పెద్ద సిస్టరమ్మ కూడా వచ్చింది.  వరండా పొడుగునా మంచాల మీద తలలు కంచె వైపు తిరిగి ఉన్నాయి. సోమల అవ్వకు అంత సన్నటి గొంతులు వినపడవు, కానీ అందరి ముఖాలు చూసి ఆమె కూడా నవ్వుతోంది.

ఆ చలికాలం సోమల అవ్వ పోయింది. నిద్రలో పోయింది. కొడుకులు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆమె మంచం ఖాళీగా ఉన్నన్నాళ్లూ వార్తలు అటువైపు వెళ్లడం ఆగిపోయింది. మంచు దిగింది. ఉత్తరాన్నుంచి వచ్చే బూడిదాకుపచ్చ చిన్నపిట్టలు కంచె నిండా దిగాయి. అవి హిమాలయాల వైపునుంచి వస్తాయి, ఇంత చిన్న ఒంటితో ఇంత దూరం అని డాక్టరుగారు అన్నారు. కుప్పం ఆమెను మొదటిసారి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది అప్పుడే. కూర్చున్న ఎత్తునుంచి ఆమె కంచెను చూసి, "ఇంతేనా ఇది? నేను శానా పెద్దదనుకొంటిని" అంది.

సెనిక్కాయలు వచ్చిన తర్వాత అతను వచ్చాడు. ఒంటరిగానే వచ్చాడు, భుజాన బస్తాతో. ఇంటి సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. పచ్చి సెనిక్కాయలు ఉడకబెట్టి వార్డంతా పంచాడు వంటాయన. అతను వెళ్లేటప్పుడు ఆమె మెట్ల దాకా నడిచింది. నేను పక్కన చెయ్యి పట్టుకుని నడిచాను. మెట్ల దగ్గర ఆగి ఆయాసపడుతూ, "మీయమ్మ ఎట్లుండాది?" అంది. "సూడల్ల నిన్ను అంటాండాది" అన్నాడు. అంతే. ఆ రాత్రి కూడా ఆమె జ్వరం పెరగలేదు.

యుద్ధం ముగిసే వేళకు ఆమె ఇంటికి పోయింది. అంత మంచి జరిగినవాళ్లు తక్కువమంది. ఆ తక్కువమందిలో కూడా కొందరికి జబ్బు మళ్లీ తిరగబెట్టేది. కాబట్టి ఆమెను బస్సు ఎక్కించినప్పుడు నేను సంతోషపడటానికి కూడా భయపడ్డాను. పెద్ద సిస్టరమ్మ ఆమెకు ఇచ్చింది ఒక కొత్త దిండు. ఎందుకిచ్చిందో చెప్పలేదు.

స్వరాజ్యం వచ్చిన తర్వాత నన్ను ఒకసారి టీకాల పని మీద కుప్పం పంపించారు. పని ముగించుకుని, సాయంత్రం బస్సుకు చాలా టైముందని, దారి అడుక్కుంటూ వాళ్ల పల్లెకు వెళ్లాను. వెళ్లేదాకా నాకు తెలియదు, ఆమె ఉందో లేదో. వాకిట్లో ఒక ఆడమనిషి సెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. పక్కన ఒక చిన్నపాప. ఆమె తలెత్తి నన్ను చూసి, చేటను పక్కన పెట్టి, లేచి నిలబడింది. లావయింది.  ఆమే నా చెయ్యి పట్టుకుని లోపలికి పిలుచుకుపోయింది.

రాగిముద్ద, ఆకుకూర పప్పు పెట్టింది. అతను చేను నుంచి వచ్చాడు, నన్ను చూసి తలొంచుకుని నవ్వాడు. ఇంట్లో ఇంకొక కోడలు లేదు. అడగకుండానే తెలిసిపోయింది. తింటూ తింటూ నేను అడిగాను, ఇక్కడ పిట్టలు వస్తాయా, ఆ కుట్టే పిట్ట కనిపిస్తుందా అని.

"ఉంటాయేమోమ్మా" అంది ఆమె, నా కంచంలో ఇంకొంచెం పప్పు పోస్తూ. "తలెత్తి సూసేదానికి తీరిక యాడుండాది? సేను, పాప, ఆవు. పొద్దు సాలదు."

నా మనసు కొంచెం చిన్నబోయింది. మర్చిపోయిందా అనుకున్నాను. దాంట్లో తప్పేముంది, మర్చిపోగలిగేంత ఆరోగ్యం వచ్చిందంటే అంతకంటే ఏం కావాలి అని సర్దుకున్నాను కూడా.

అన్నాలు అయ్యాక ఆమె అత్త లోపలినుంచి చాప తెచ్చి పరిచింది. సన్నగా, ఎండు కట్టెలా ఉంది. ఇంకొకరిని చూస్తామన్న మనిషి ఈమే అని నేను చూస్తూనే ఉన్నాను. అతనూ, కోడలూ, పాపా అప్పటికే తలా ఒక మూల ఒరిగిపోయారు.

"పండుకో తల్లీ" అంది ఆ ముసలామె నాతో.

"నేను బస్సుకు పోవాలవ్వా. పగలు పడుకునే అలవాటు నాకు లేదు."

"అలవాటు లేకుంటే సేసుకో. ఈ ఇంట్లో మద్యాన్నం కూడు తిన్నాక ఒగ గంట ఎవురూ పలికేదానికి లేదు. ఊర్లో నవ్వుతాండారు, నవ్వనీ. ఇది పండుకోనే బతికింది గదా. బస్సు రేపు గూడా వస్తాది."

ఎంతమందిని పడుకోబెట్టానో నాకే తెలియదు. నన్ను పడుకోమన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. చాప మీద ఒరిగాను. మట్టినేల చల్లగా ఉంది. మిద్దె సందులోంచి ఎండ పుల్లలా దిగి గోడ మీద నిలబడింది. దూరంగా రైలు ఏదో పోతోంది, కూత చాలాసేపు సాగింది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామనుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలిపోయింది. బస్సు ఎప్పుడో పోయింది. ఇల్లంతా ఎవరి పనుల్లో వాళ్లు ఉన్నారు, కానీ గిన్నె చప్పుడు కూడా లేదు. ముసలామె గడపలో నాకు వీపు పెట్టి కూర్చుని, లోపలికి రాబోయే కోళ్లను నోరు తెరవకుండా, పుల్లతో మెల్లమెల్లగా అవతలికి తోలుతోంది.